అరవై ఎనిమిదేళ్ళ చెల్లెలు

అక్క రిపోర్టు కాగితాన్ని బల్లమీద పరిచి, ఎగిరిపోకుండా దానిమీద ఇస్త్రీపెట్టె పెట్టింది. పెట్టె చల్లగానే ఉంది, అక్క గొంతే కాలుతోంది.

"మూడు పాయింట్ నాలుగు! రెండు పాయింట్ ఆరు ఏడు దాటితే లివర్ గట్టిపడుతున్నట్టేనట. ఇక్కడే అచ్చేశారు. నీ పనైపోయిందే."

చెల్లెలు స్టీమ్ ప్రెస్ దగ్గరనుంచి కదల్లేదు. హోటలు దుప్పట్లు ఇంకా ముప్ఫై ఉన్నాయి.

"రేపట్నుంచి ప్రెస్ దగ్గర నా కూతురు నిలబడుతుంది. నువ్వు ఇంట్లో పడుకో."

"నా మీద జాలా, నా జాగా కోసమా?"

"దొంగచాటుగా తాగేదానికి జాలొకటా!"

"చుక్క ముట్టలేదని నీకూ తెలుసు."

"ముట్టకుండానే పాడైందా?"

ఇరవై రెండేళ్ళుగా ఆ ప్రెస్ చెల్లెలిదే. లాండ్రీ పెట్టిన నాన్న ఒకే కట్టుబాటు చెప్పి పోయాడు: వయసులో పెద్దవాళ్ళ దగ్గరే తాళాలు, వాళ్ళదే ముందు కుర్చీ, వాళ్ళ మాటే మాట. అక్కకు యాభై ఆరు, చెల్లెలికి యాభై ఒకటి. ఆ అయిదేళ్ళను అక్క ఇన్నాళ్ళూ కర్రలా వాడుకుంది.

చెల్లెలు క్లినిక్‌కు ఫోన్ చేసి, స్పీకర్ నొక్కి, రిపోర్టు నంబరు చెప్పింది. నర్సు ఓపిగ్గా చెప్పింది.

"తాగనివాళ్ళకీ రావచ్చమ్మా, కొవ్వు చేరినా వస్తుంది. పైగా ఈ అంకె రక్తంలో నేరుగా కొలిచింది కాదు. రెండు లివర్ ఎంజైములు, ప్లేట్‌లెట్లు, వయసు కలిపి కట్టే లెక్క. వయసు పెరిగితే అంకె కూడా పెరుగుతుంది. మీకు అరవై ఎనిమిది కదా?"

చెల్లెలు అక్కవైపు తిరిగింది. అక్క గోడకేసి చూసింది.

ఆ రోజు క్లినిక్‌లో అరవై అయిదు దాటినవాళ్ళకే ఉచిత పరీక్ష అన్నారు. ఫారం నింపి సంతకం పెట్టింది అక్కే. చెల్లెలు అప్పుడు సూది గుచ్చిన చోట దూది అదుముకుంటూ కూర్చుంది, కాగితం చూడలేదు.

"వయసు తప్పు పడిందమ్మా," అంది చెల్లెలు.

"అయితే ఫారం రాసినవాళ్ళే చెప్పాలండీ."

"నేను చెప్పను," అక్క పళ్ళు బిగించింది. "అబద్ధాలకోరునని నలుగురూ నవ్వాలా? అరవై ఎనిమిదే ఉండనీ."

చెల్లెలు ప్రెస్ ఆపింది. చేతులు తుడుచుకుని వచ్చి, అక్క కూర్చున్న ముందు కుర్చీ ఎదుట నిలబడింది.

"సరే, అరవై ఎనిమిదే. అంటే నీకన్నా పన్నెండేళ్ళు పెద్దదాన్ని. లే. తాళాలు ఇలా ఇవ్వు, చెల్లీ."

అక్క చెయ్యి దానంతటదే నడుముకున్న తాళాల గుత్తిమీద పడింది. మరుక్షణం లేచి ఫోన్ లాక్కుంది.

"యాభై ఒకటి! నేనే తప్పు రాశాను! దిద్దుకో!"

అవతల కాసేపు బటన్ల చప్పుడు. "రెండు పాయింట్ అయిదు అయిదు. జబ్బు ముదిరిందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. మధ్యలో ఉంది. స్కాన్ చేస్తేనే తేలుతుంది. గురువారం రండి."

"మధ్యలోనట," అక్క విసురుగా కుర్చీలో కూలబడింది. "సగం పోయినట్టే."

చెల్లెలు ఇస్త్రీపెట్టె తీసి, రిపోర్టును దుప్పటి మడిచినంత నీటుగా మడిచి రవికలో దోపుకుంది.

"నీతో తలపడ్డానికి మిగిలిన సగం చాలు. గురువారం ప్రెస్ ఖాళీగా ఉంటుంది. నీ కూతురు గానీ దాన్ని ముట్టుకుందో, ఆ ఫారంమీద సంతకం పెట్టిందెవరో వీధంతా చెబుతాను."

ప్రెస్ మూత దించింది. ఆవిరి బుస్సుమంది.