పెద్దాడబిడ్డ ఒడిబియ్యం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. సోమశిలలో ఎవరినడిగినా చెబుతారు. అందుకే తప్పు నాదని ఒప్పుకోవడానికి ఆరేళ్ళు పట్టింది.

మా ఆయన కురుమూర్తి కృష్ణలో చేపలు పడతాడు. ఆయనకు ఇద్దరు తోబుట్టువులు. అక్క జోగులమ్మను జటప్రోలు వైపు ఒడ్డునున్న ఊరికిచ్చారు. చెల్లెలు దేవమ్మది మాకూ ఆమెకూ నడుమనున్న ఊరు. రోడ్డున వెళ్తే కొల్లాపూర్ చుట్టి రెండు బస్సులు మారాలి. ఇంజన్ పడవ మీదయితే ఒడ్డు వెంబడి పోతే చాలు, ముందు దేవమ్మ ఇల్లు, ఆ తర్వాత జోగులమ్మ వదిన ఇల్లు. ఆరేళ్ళ కిందట నా కొంప ముంచింది ఈ దారే.

ఆ శ్రావణంలో ఆడబిడ్డలిద్దరికీ ఒడిబియ్యం పోయడానికి బయల్దేరాం. పుట్టింటివాళ్ళు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు ఆడబిడ్డ ఒడిలో పోస్తారు. ఆమె అందులోంచి మూడు గుప్పిళ్ళు పుట్టింటికి తిరిగిస్తుంది, ఆ ఇల్లు చల్లగా ఉండాలని. మా ఇళ్ళల్లో పెద్దబిడ్డ ఒడి నిండాకే చిన్నబిడ్డకు పోస్తారు. నాకది తెలియదా? తెలుసు. కానీ దేవమ్మ ఊరు ముందొచ్చింది, ఎండ మాడ్చేస్తోంది. "ఈడ పోసే పోదం, మళ్ళ రెండోపారి ఎవరాగుతరు" అన్నాను. మా ఆయన వద్దంటూనే ఉన్నాడు. నేను వింటేనా.

సంతోషం పట్టలేక దేవమ్మ అక్కకు ఫోన్ చేసి చెప్పేసింది. మేం వెళ్ళేసరికి వదిన గడపలో నిలబడి ఉంది. "చిన్నదానికి పోయంగ మిగిలిన బియ్యం నాకొద్దు" అంది. ఆమె మూట వేరేగా కట్టి తెచ్చానని నేను గొంతు చించుకున్నాను. "మూట సంగతి కాదు. మా అమ్మ ఉంటే గిట్ల చేస్తుండెనా?" అని లోపలికెళ్ళి తలుపేసుకుంది.

ఆ తర్వాత రాఖీ కట్టడానికి రాలేదు, మా అమ్మాయి పెళ్ళికీ రాలేదు. రాఖీనాడు మా ఆయన పొద్దు గూకేదాకా రేవులోనే కూర్చునేవాడు. పంతం నాకూ తక్కువేం లేదు. రాకపోతే పోయింది, ఎవరు బతిమాలుతారు అనుకున్నాను.

ఈ వేసవిలో జోగులమ్మ వదినకు గుండె ఆపరేషన్ అయిందని చేపలు కొనే అతను చెబితే తెలిసింది. అప్పటికే దవాఖాన నుంచి ఇంటికొచ్చి నెలయిందట. మా ఆయన వల సర్దుతున్నవాడల్లా అక్కడే కూలబడ్డాడు. "అక్క సచ్చిపోయినా నాకు మంది చెప్తేనే తెలుస్తుండె" అన్నాడు. నన్ను మాత్రం ఒక్క మాటా అనలేదు. అంటే నాలుగు తిరిగి అనేదాన్ని. అనకపోయేసరికి ఏడుపొచ్చింది.

శ్రావణం రాగానే మళ్ళీ రెండు మూటలు కట్టాను. తిరిగి వచ్చేటప్పుడే ఆగుతామని దేవమ్మకు ముందే చెప్పాం. తీరా చూస్తే సరిగ్గా ఆమె రేవు ముందే ఎవరిదో తెగిన వల ఇంజన్ రెక్కలకు చుట్టుకుని పడవ ఆగిపోయింది. కృష్ణమ్మకు కూడా నా మీదే పగ అనుకున్నాను. మా ఆయన నీళ్ళలోకి దిగి వల కోస్తుంటే ఒడ్డు మీదికి దేవమ్మ వచ్చింది.

"అన్నా, ఇంట్ల జరసేపు కూసొని చాయ్ తాగి పోరాదుండ్రి."

"మేం దిగం" అన్నాను. "నీ గడప తొక్కినమని తెలిస్తే మీ అక్క మళ్ళ తలుపేస్తది."

"తొక్కలేదని చెప్తే నమ్ముతదా వదినా?"

ఆ సంగతి నేను ఆలోచించనే లేదు. దేవమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మోకాలిలోతు నీళ్ళలో నడిచొచ్చి పడవెక్కేసింది.

"నేనూ వస్త. నమ్మకపోతే నా ఖాళీ ఒడి సూపిస్త. ఆరేండ్లాయె, నాతోని గూడ అక్క మాట్లాడ్తలేదు."

ఇన్నాళ్ళూ మా బాధే బాధనుకున్నాను. ఒక్క ఫోన్ చేసినందుకు ఈ పిల్ల ఎంత కుమిలిందో ఆ రోజే తెలిసింది.

వదిన అరుగు మీద కూర్చుని ఉంది. మనిషి సగమైపోయింది. మమ్మల్ని ముగ్గురినీ చూసి లేవలేదు, అలాగని లోపలికీ వెళ్ళలేదు.

"చిన్నదానికి పోసొచ్చిండ్రా?"

"లేదక్కా." దేవమ్మ ఖాళీ కొంగు చాపి చూపించింది.

మా ఆయన మూట నెత్తిన పెట్టుకుని వాకిట్లోనే నిలబడిపోయాడు. నేను అరుగెక్కి వదిన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఆనాటి ఎండ గురించీ దారి గురించీ చెబుదామని పడవలో చాలా కూడబలుక్కున్నాను. ఒక్కటీ చెప్పలేదు.

"తప్పు నాదే వదినా. మీ తమ్ముడు వద్దన్నడు. నేనే ఇనలే."

వదిన కృష్ణ వైపు చూపు తిప్పింది.

"ఆపరేషన్‌కు తీస్కపోతుంటే ఒక్కటే అనుకున్న. పుట్టింటి బియ్యం ఒళ్ళ పడకుండనే పోతనేమో అని" అంది. "పీట ఎయ్యి మరదలా. మెల్లగ పొయ్యి, బరువు ఆగలేను."

కాళ్ళకు పసుపు రాసి, బొట్టు పెట్టి, నేనూ మా ఆయనా దోసిళ్ళతో పోశాం. బతికుంది, మా ముందు కూర్చుంది, ఒడి పట్టింది. దేవుడా, నీకు దండం అనుకున్నాను. అంతకంటే పెద్ద మాట నాకు రాలేదు.

ఒడి నిండాక వదిన నన్ను కొంగు పట్టమంది. మూడు గుప్పిళ్ళు తిరిగి పోసింది. రివాజు అంతే కదా అని ముడి వేయబోయాను. చెయ్యి పట్టుకుని ఆపింది. ఇంకో మూడు గుప్పిళ్ళు పోసింది.

"ఇవేంది వదినా?"

"ఆ యేటివి" అంది. "కోపంల తలుపేసుకున్న, మీ ఇంటికి ఇయ్యాల్సినయి ఇయ్యలే. తమ్ముడు రోజూ నీళ్ళ మీదనే ఉంటడాయె. యాదికొచ్చినప్పుడల్లా నాకు భయమైతుండె."