పన్నీరు చల్లితే కదలకు

“సారలా, గా దండ మెడల పడ్డంక తల ఊపినవో, మన పని ఖతం!”

బౌద్ధనగర్ నుంచి నడిచి తార్నాక దాటేలోపు సోమమ్మ ఈ మాట నాలుగుసార్లు అన్నది. కూతురు సారలమ్మకు నవ్వు ఆగడం లేదు.

“ఊపితే ఏమైతదే అమ్మా?”

“నిరుడు పోచమ్మకు యాటపోతును బలిచ్చేటప్పుడు సూడలే? దండేసిన్రు, నీళ్లు చల్లిన్రు. గది ఒళ్లు దులిపితే ఒప్పుకున్నదన్నరు. ఎనుకనే కత్తి!”

సోమమ్మ సబ్బుల కార్ఖానాలో సబ్బులకు కాగితం చుడుతుంది. ఆ ఏడు, అరవై ఎనిమిదిలో, కూతురికి యూనివర్సిటీలో కెమిస్ట్రీ సీటొచ్చింది గానీ చదివించే తాహతు లేదు. పనివాళ్ల పిల్లల్లో ఒకరి చదువు ఖర్చంతా తనదేనని కార్ఖానా యజమాని సుందరరావు ప్రకటించి, సారలమ్మను ఎంచుకున్నాడు. తల్లి సంతకం పెడితే చాలట. అప్పటినుంచి సోమమ్మకు ముద్ద దిగడం లేదు. ఊరికే ఇచ్చేవాణ్ని ఆమె ఇంతవరకు చూసి ఎరగదు మరి.

ఆ సంతకానికి సభ యూనివర్సిటీలోనే పెట్టారు. హాలు నిండింది. సారలమ్మను వేదిక ఎక్కించి బంతిపూల దండ వేశారు. ఎవరో పన్నీరుబుడ్డి తెచ్చి నెత్తిన చల్లారు.

“కదలకు బిడ్డా!” ముందు వరుసలోంచి సోమమ్మ కేక.

పిల్ల కర్రలా బిగుసుకుపోయింది. ముక్కు మీది చుక్క కూడా తుడుచుకోలేదు.

“బాగా చదువుతావా అమ్మా?” అని అడిగాడు సుందరరావు. తల ఊగలేదు, నోరు తెరుచుకోలేదు. హాలంతా గొల్లుమన్నది.

ఆయన కాగితం, కలం పట్టుకుని సోమమ్మ దగ్గరికే దిగివచ్చాడు. ఆమె చేతులు వెనక్కి దాచుకున్నది.

“ముందుగాల చెప్పు సారూ. దీంట్ల నీకేం ఫాయిదా?”

“పుణ్యం...”

“గా ముచ్చట మైకుల చెప్పినవు. అసలుది చెప్పు.”

సుందరరావు చెవి గోక్కున్నాడు. గొంతు తగ్గించాడు.

“వానకాలం నా సబ్బుకు చెమట పడుతోంది సోమమ్మా. కొన్నవాళ్లు తిడుతున్నారు. ఎందుకో చెప్పే చదువుకున్న మనిషి కావాలి. మీ అమ్మాయి రేపు ఆ మనిషైతే నా అదృష్టం. కాకపోయినా, పిల్లల్ని చదివిస్తానని తెలిస్తే నా పనివాళ్లు పక్క కార్ఖానాకు పోరు. నా స్వార్థం నాకుంది.”

సోమమ్మ ఆయన ముఖం చూసింది, కాగితం చూసింది, వేదిక మీద ఊపిరి బిగబట్టి నిలుచున్న కూతుర్ని చూసింది. సుందరరావు చేయి చాపి అట్లాగే నిలబడ్డాడు.

“పుణ్యానికైతే ఏడాదికే మనసు తిరుగుతుండె. నీకు లాభముంటే నడిమిట్ల ఇడిచిపెట్టవు,” అన్నది చివరికి సోమమ్మ. “కలం ఇటియ్యి.”