చెంచాడు జావ

అడ్డం పడితే, అని ఎందుకనిపించింది, ఈ చెంచాడు జావ పిల్ల గొంతుకి అడ్డం పడితే అని, భయం దోర్కాస్‌కి రోజూ ఉన్నదే, ఈ పొద్దుటిది భయంలా లేదు, ఆశలా ఉంది, చెంచా గిన్నెలో పడేసి చెయ్యి చీరకి తుడుచుకుంది, తుడిస్తే పోయేదా, తొమ్మిదేళ్ళ ఇవాంజెలిన్ నోరు తెరిచే ఉంచింది, మెడ నిలవదు, మాట రాదు, ఇంకో చెంచా వస్తుందని మాత్రం ఎంత నమ్మకమో, ఆ నమ్మకం చూడలేక వీధిలోకొచ్చి నిలబడింది, కాశీబుగ్గ వీధంతా జీడిపిక్కలు కాల్చిన వాసన, ఆ వాసనలోకి పనికెళ్ళి ఎన్నాళ్ళయింది, మొగుడు ప్రదీప్ కుమార్ హైదరాబాదులో సెంట్రింగ్ పని దగ్గర్నుంచి ఫోన్ చేసి పిల్ల తిందా అంటాడు, నువ్వు తిన్నావా అనడు, టెక్కలిలో ఫిజియోథెరపీ ఆవిడ రోజూ కాళ్ళు చాపించమ్మా అంది, చాపిస్తూనే ఉంది, బస్సులో పక్క సీటావిడ పిల్ల చొంగ తగలకుండా కొంగు సర్దుకుంది, ఆ తర్వాత టెక్కలి బస్సే ఎక్కలేదు.

ప్రార్థన మనవులు చెప్పండమ్మా, పాస్టరమ్మగారు అడుగుతున్నారు, మధ్యాహ్నం కూడిక ఇవాళ ఈ ఇంట్లోనే, చాప నిండా ఆడవాళ్ళు, దోర్కాస్, నువ్వు చెప్పమ్మా, ఏం చెప్తుంది, పాప నడవాలి అన్నది చర్చిలో అందరికీ కంఠతా వచ్చు, ఇవాళ ఇంకోటుంది, నా చెయ్యంటే నాకే భయంగా ఉందమ్మగారూ, నాలిక చివరిదాకా వచ్చింది, పాప కోసమేనండి అంది, అందరూ ముసుగులు లాక్కుని కళ్ళు మూసుకుని గొంతెత్తి ప్రార్థన అందుకున్నారు, ఆమె కళ్ళు మూసుకోలేదు, ఒళ్ళో పిల్ల ఉంటే ఎలా మూసుకుంటుంది, ఫిట్స్ ఎప్పుడొస్తాయో, చొంగ ఎప్పుడు ఊపిరికి అడ్డొస్తుందో, పిల్ల పుట్టాక ఆమె చేసిన ప్రార్థనలన్నీ కళ్ళు తెరుచుకుని చేసినవే, వంచిన తలల మధ్య తనొక్కతే చూస్తూ, తనని ఎవరూ చూడకుండా.

అందుకే గుమ్మంలోకొచ్చిన బొడ్డమ్మ ఆమెకొక్కదానికే కనిపించింది, పక్కింటి ముసలమ్మ, పిక్కలు కొట్టి కొట్టి వేళ్ళు నల్లబడ్డాయి, కూడికలకి వచ్చే మనిషి కాదు, వచ్చి పక్కన చతికిలబడి గొణిగింది, ఏటే, పొద్దున్న బూతాన్ని సూసినట్టు బయటికొచ్చీసినావు, ఏటైనాది, ఏం లేదు పిన్నీ అనబోయి, ఇంత మంది గొంతుల్లో ఎవరికి వినిపిస్తుందిలే అని, జావ అడ్డం పడితే బాగుణ్ణనిపించింది పిన్నీ, అనేసింది, అనేశాక ఇల్లు కూలిపోతుందనుకుంది, కూలలేదు, ప్రార్థనలో పాస్టరమ్మగారి గొంతు ఎర్రసముద్రం దాటుతోంది.

బొడ్డమ్మ ఇంకాస్త దగ్గరికి జరిగింది, మా ముసిలోడు కిడ్నీలు పోయి మంచాన్నుంటే, లేవగానే ముక్కుకాడ సెయ్యెట్టి సూసీదాన్ని, ఊపిరాడితే నాకు ఏడుపొచ్చీది, అనిపించదేటే, మనం మడుసులం కామా, ఇలాగియ్యి పిల్లని, దోర్కాస్ చేతులు బిగుసుకున్నాయి, ఒకప్పుడు ఈ మనిషినే ముట్టుకోనివ్వలేదు, నీ చేతులకి జీడి ఉంటుంది, పిల్ల ఒళ్ళు పొక్కుతుంది అని, ఆ మాట ఎంత అక్కరకొచ్చిందో, ఆ తర్వాత చేతులకి జీడి లేనివాళ్ళకి కూడా ఇవ్వలేదు, నూని రాసి, సబ్బెట్టి కడుక్కొనొచ్చినానే, పొక్కదు, అంటోంది బొడ్డమ్మ, చేతులు చాపి చూపిస్తోంది, ఇంకా తడిగానే ఉన్నాయి, అంటే ఇక్కడికి ఎత్తుకోవడానికే వచ్చింది, మెడ కింద చెయ్యెయ్యాలి పిన్నీ, చొంగొస్తే పక్కకి తిప్పాలి, తెలుసునే, రోజూ గోడమీంచి సూత్తన్నాను కాదేటి, నువ్వు ఎవులికీ ఇచ్చినావు కావు గానీ, కళ్ళు మూసుకో, నాను సూత్తాను.

ఒడి ఖాళీ అయింది, ఎంత తేలిగ్గా ఉందో, ఆ తేలికకి సిగ్గేసింది, రేపు పొద్దున మళ్ళీ అదే గిన్నె, అదే చెంచా, అదే చెయ్యి, ఆమె కళ్ళు మూసుకుంది, తెరిచింది, ముసలమ్మ పిల్ల మూతి తుడుస్తోంది, మళ్ళీ మూసుకుంది, పాప నడవాలి అన్న మాట కోసం వెతికితే దొరకలేదు, మెడ వాలిపోతోంది, తన మెడే, పిల్ల మెడలాగే నిలవకుండా, ఇన్నేళ్ళూ దేవుణ్ణి కాళ్ళే అడిగింది, ఇంకో జత కళ్ళు కావాలని గోడవతల మనిషిని ఒక్కసారీ అడగలేదు, రేపు చెంచా పట్టుకునే ముందు గోడ దగ్గరికెళ్ళి పిలవాలి, పిన్నీ అని, గట్టిగా, వినిపించేలా.