బండికి పెట్టిన కన్ను

సకల జనుల సమ్మెకు బస్సులన్నీ డిపోల్లో పడుకున్న రోజులవి. కోరుట్ల బట్టల వ్యాపారి పరశురాములు తన పికప్ బండి సిరిసిల్లకు ఖాళీగా పోయి, లంగా గుడ్డ తాన్లతో తిరిగి వస్తోందని అనుకుంటున్నాడు. పోయేటప్పుడు అది ఖాళీగా పోవడం లేదని బజారంతా అనుకుంటోంది. ఒకరోజు తాన్లు దించుతుంటే తొట్టి మూలన చిన్నపిల్లవాడి చెప్పు ఒకటి దొరికింది. పరశురాములు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి డ్రైవర్ ఫరూఖ్‌కు చూపించాడు. గాలికి వచ్చి పడి ఉంటుందన్నాడు ఫరూఖ్. అంత గాలికి తాన్లు ఎందుకు ఎగరలేదని పరశురాములు అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది, జవాబు వస్తే తగాదా వస్తుంది, తగాదా వస్తే డ్రైవర్ పోతాడు. సద్దుల బతుకమ్మ ముందు డ్రైవర్ పోతే నష్టం ఎవరికి? అందుకని, అడగకుండా తెలుసుకునే దారి వెతికాడు.

ఆ దారి జగిత్యాలలో గడియారం టవర్ దగ్గర దొరికింది. అక్కడ బండ్లకు కరెంటు పనిచేసే బుర్హానుద్దీన్ అతనికి పాత దోస్తు. అద్దానికి అతికించే కెమెరాలు ఈ మధ్యే తెప్పించాడు. బండి ముందు దారిని అవి చూస్తూ పోతాయి, చూసిందంతా గోరంత కార్డులో దాచుకుంటాయి. బుర్హానుద్దీన్ మూడు పెట్టెలు తీసి ముందు పెట్టాడు.

మొదటిదానికి రెండు కండ్లు. ఒకటి దారిని చూస్తే ఇంకొకటి బండి లోపల కూర్చున్నవాళ్లను చూస్తుంది. పరశురాములుకు అది మొదట తెగ నచ్చింది. అప్పుడప్పుడు తను కూడా ఆ సీట్లోనే కూర్చుంటాడని గుర్తొచ్చాక నచ్చలేదు. రెండోదానికి చూపించే తెర లేదు, ఏం చూసిందో తెలియాలంటే కంప్యూటర్ సెంటర్‌కు మోయాలి. మన గుట్టు మనం చూసుకోవడానికి ఇంకొకరి దుకాణానికి పోవడమేం బేరం? మూడోదానికి ఒకటే కన్ను, వెనక అరచేతిలో సగమంత తెర. బండి ఎక్కడెక్కడ ఆగిందో చూస్తే ఎవరెవరు ఎక్కారో లెక్క తేలిపోదా? అదే ఖాయం చేశాడు. మాటలు పట్టే పని మాత్రం బంద్ చేయించాడు. చూపు పక్కవాడికి చేటు, మాట తనకే చేటు.

ఇక దానికి కరెంటు ఎక్కడినుంచి ఇవ్వాలన్నదే పెద్ద చర్చ అయింది.

"సిగరెట్ సాకెట్ల పెడితె అల్కగ అయిపోతది," అన్నాడు బుర్హానుద్దీన్. "గుచ్చితె సురువు, గుంజితె బంద్."

"గుంజెటోడు ఉన్నడనే గద భాయ్ నేను అచ్చింది."

అయితే ఫ్యూజుల డబ్బాలో కలుపుతానన్నాడు. తాళం తిప్పితే వెలుగుతుంది, తాళం తీస్తే ఆరిపోతుంది. పరశురాములు కండ్లు మూసుకుని వేములవాడ బస్టాండును తలుచుకున్నాడు. ఫరూఖ్ అక్కడ బండి ఆపి, తాళం తీసి, దిగి, మొక్కులు తీరి గుండ్లతో ఉన్నవాళ్లను ఎక్కించుకుంటున్నాడు. కెమెరా హాయిగా నిద్రపోతోంది.

"నేరుగ బ్యాటరీకి గలుపు. బండి పండుకున్నా గది మేల్కొనె ఉండాలె."

"పొద్దుగాల బండి లేవదు మల్ల. నువ్వూ ఫరూఖూ నూక్కుంటనె సిరిసిల్లకు పోవాలె."

దానికీ ఒక మందు ఉందట. బ్యాటరీ బలం మరీ తగ్గితే కెమెరాను దానంతట అదే ఆపేసే చిన్న డబ్బా. ఆ డబ్బా పెట్టి, తీగను పైకప్పు అంచులోంచి కనబడకుండా తెచ్చి, బ్యాటరీకి బిగించాడు బుర్హానుద్దీన్. రాళ్లు రువ్వేవాళ్ల భయానికి పెట్టించానని పరశురాములు ఫరూఖ్‌కు చెప్పాడు. బండి నిద్రపోయినా తన కెమెరా నిద్రపోదని బజారంతటికీ చెప్పాడు. చెప్పడం ఎక్కువైందని తర్వాత తెలిసింది.

కోరుట్లలో వ్యాపారుల సంఘం వాళ్లది ఒక దీక్షా శిబిరం ఉండేది. అందులో పరశురాములుది ముందు వరుస. అది నాటకం కాదు. తెలంగాణ రావాలని అతను మనసారా కోరుకున్నాడు. సద్దుల లోపల లంగా గుడ్డ రావాలని కూడా అంతే మనసారా కోరుకున్నాడు. పూర్తి బంద్ రోజున ఎవరైనా సరుకు తోలితే వాళ్ల పేరు పొద్దంతా మైకులో చదవాలని, దుకాణం షట్టరుకు నల్లరంగు పూయాలని శిబిరంలో తీర్మానం అయింది. ఆ తీర్మానం పెట్టింది పరశురాములే. పెట్టిన రోజు చప్పట్లు బాగా పడ్డాయి.

మరుసటి గురువారమే పూర్తి బంద్ వచ్చింది. సరుకు సిరిసిల్లలో ఉంది. అమ్మలక్కలు కోరుట్లలో ఎదురుచూస్తున్నారు. ఇవ్వాళ తేకపోతే మెట్‌పల్లి వాళ్లు అమ్ముకుంటారు. బంద్ రోజున పాలబండిని, రోగిని, పెండ్లిబండిని జనం ఆపరు. పాలు, రోగం తన దగ్గర లేవు కనుక పరశురాములు బండికి మామిడాకులు కట్టించాడు. పితృపక్షం ముగిసే పెత్రమాస దాటిందో లేదో, ముహూర్తాలు ఉన్నాయో లేవో ఆరా తీసే ఓపిక ఆ రోజుల్లో ఎవరికీ లేదు. సిరిసిల్లలో తాన్లు నింపుకుని, పెద్దదారి వదిలేసి చందుర్తి మీదుగా బయల్దేరారు. ఎవరైనా గుర్తుపడతారని పరశురాములు తలమీద తువ్వాల కప్పుకుని, సీట్లోంచి కిందికి జారి, మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. దారి పొడుగునా అతను చూసింది తన చెప్పులనే.

చందుర్తి దాటాక దడేలుమని ఒక దెబ్బ. తువ్వాల తీసి చూస్తే ఎదురుగా కిరాణా టోకు వ్యాపారి నర్సింగం ట్రాక్టరు. డొంకలోంచి వెనక్కి వస్తూ పికప్‌కు తగిలింది. ట్రాలీ తలుపు ఊడి చక్కెర బస్తాలు పక్క కాలువలో పడ్డాయి. చక్కెర నీళ్లలో పడ్డాక వ్యాపారి చేయగలిగింది పక్కవాణ్ని తిట్టడమే. నర్సింగం అదే చేశాడు.

మరునాడు పొద్దున తగాదా శిబిరానికి ఎక్కింది. సంఘం పెద్ద గాజుల లచ్చన్న, స్టీలు సామాన్ల వ్యాపారి, ఇద్దరినీ కూర్చోబెట్టాడు. ఇది ఎప్పుడు జరిగిందని మొదటి ప్రశ్న. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, బంద్‌కు ముందురోజు, బుధవారమని ఒకే మాట చెప్పారు. తప్పెవరిదన్న దగ్గరే మాట కలవలేదు. పికప్ వెనకనుంచి వచ్చి గుద్దిందని నర్సింగం, ట్రాక్టరే మీదికి వచ్చిందని పరశురాములు.

"గాయిన బండికి కెమెరా ఉన్నదంటరు గద," అన్నాడు, అది ఉత్త గొప్పేననుకున్న నర్సింగం. "చూపియ్యుమనుండ్రి."

పరశురాములు బండి వైపు చూశాడు. కెమెరా చూస్తే గెలుపు తనదే. కానీ దాని తెర మూలన తారీఖు ఉంటుంది. అది నర్సింగానికి తెలియదు, తనకు తెలుసు. తగాదా గెలిస్తే పేరు మైకుకెక్కుతుంది, ఓడితే చక్కెర మెడకు చుట్టుకుంటుంది. చక్కెరే నయమని తేల్చుకుని, ఆ రోజు కెమెరాకు కరెంటు అందలేదన్నాడు.

వెనక నిలబడ్డ ఫరూఖ్ ఊరుకోలేదు. గుద్దాడన్న మాట డ్రైవర్ మీద పడ్డాక అతనికి ఇంకో బండి ఎవరిస్తారు?

"అందకుంటెట్ల సేట్? బండి పండుకున్నా గది మేల్కొనె ఉంటదని నువ్వే చెప్తివి గద బజార్ల."

లచ్చన్న లేచి వెళ్లి పికప్‌లో స్టీరింగు ముందు కూర్చున్నాడు. నర్సింగం పక్కసీటెక్కాడు. మిగతా పెద్దలు రెండు కిటికీల్లోంచి తలలు దూర్చారు. పరశురాములు తేలు కుట్టిన దొంగలా బండి ముందు నిలబడి, అద్దంలోంచి వాళ్ల ముఖాలు చూస్తున్నాడు. దెబ్బ తగిలిన దగ్గరికి సూటిగా పోవడం తనకు రాదంటూ ఫరూఖ్ కిటికీలోంచి చేయి చాపి మొదటినుంచి పెట్టాడు.

వేములవాడ కనిపించింది. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి జనం వంటావార్పు చేస్తున్నారు. లచ్చన్న కండ్లద్దాలు పెట్టుకుని తెర మూలకు వంగాడు.

"పర్శరాం, గీ మూలకు తారీఖు పడ్డదేంది?"

 పరశురాములు చెవిలో మైకు అప్పుడే మోగుతున్నట్టుంది. షట్టరుకు ఎన్ని డబ్బాల నల్లరంగు పడుతుందో కూడా లెక్క వేస్తున్నాడు.

అంతలో తెర మీద చందుర్తి దారి వచ్చింది. పికప్ ముందు ఒక వ్యాను పోతోంది, దాని వెనక పెండ్లివారి బండి అని రాసిన అట్ట. గాలికి టార్పాలిన్ లేచింది. కింద స్టీలు బిందెలు తళుక్కుమన్నాయి. టార్పాలిన్‌ను రెండు చేతులతో అదిమిపట్టి, తలకు జరీ తలపాగా చుట్టుకుని కూర్చున్న మనిషి లచ్చన్న సొంత తమ్ముడు. తారీఖు మీద పెట్టిన లచ్చన్న వేలు అక్కడే ఉండిపోయింది. పికప్ ఆ వ్యానును దాటింది. దాని ముందు రోగులను మోసే బండి ఒకటి కనిపించింది. తలుపు సరిగా పడక సందులోంచి సిమెంటు బస్తాలు తొంగిచూస్తున్నాయి. కుడి కిటికీలోంచి ఒక తల మెల్లగా వెనక్కి పోయింది. దాని ముందు ఇనుప చువ్వల బండి, చువ్వల మీద పెండ్లిపందిరికన్నట్టు అరటిపిలకలు. ఎడమ కిటికీలోంచి ఇంకో తల పోయింది. చివరికి డొంకలోంచి ట్రాక్టరు వెనక్కి వచ్చి తగలడం, చక్కెర బస్తాలు ఒకదాని వెంట ఒకటి కాలువలో దూకడం చూడడానికి బండిలో మిగిలింది ఇద్దరే.

ఫరూఖ్ నిన్న ఇవన్నీ చూశాడు. యజమాని అడగలేదు, అతను చెప్పలేదు.

లచ్చన్న కండ్లద్దాలు తీసి, పంచె కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకోకుండా జేబులో వేసుకున్నాడు. దిగి, అందరికీ వినబడేట్టు చెప్పాడు.

"తారీఖు తప్పు పడ్డది. గిది బుధారమే."

బుధవారమేనని సిమెంటు వ్యాపారి అన్నాడు. మబ్బు చూస్తేనే బుధవారమని తెలుస్తోందని ఇనుము వ్యాపారి అన్నాడు. ట్రాక్టరు తనే వెనక్కి తెచ్చానని, కరిగిన చక్కెర గురించి మాట్లాడితే ఏం లాభమని నర్సింగం సర్దుకున్నాడు.  పరశురాములు తగాదా గెలిచాడు, పేరు నిలిచింది. ఒక్క పొద్దున రెండు లాభాలు.

అంత సులువుగా లాభం వస్తే ఎక్కడో బొక్క ఉంటుందని అతనికి తెలియాల్సింది. లచ్చన్న అతన్ని శిబిరం వెనక్కి పిలిచి, సిరిసిల్లలో సరుకు ఇంకా ఉందా అని అడిగాడు. సగం ఉందన్నాడు పరశురాములు. ఆదివారం మళ్లీ బంద్.

"నీ కెమెరా ముందుకేనా చూసేది?"

"ముందుకే అన్నా."

"అయితె నువ్వే అందరికంటె ముందు నడువు."

అది మర్యాదో శిక్షో పరశురాములుకు వెంటనే తేలలేదు. ఆదివారం చందుర్తి దాటాక తేలింది. వెనక బండ్ల వరస, ముందు తన పికప్. ముందు నడిచేవాడు తలమీద తువ్వాల కప్పుకుంటే వెనకవాళ్లంతా దొంగలవుతారు కనుక నిటారుగా కూర్చోవాల్సి వచ్చింది. ఒక ఊరి దగ్గర దారికి అడ్డంగా తాడు కట్టి ఉంది. పక్కన పెద్ద గుండిగలో అన్నం ఉడుకుతోంది, ఇంకోదాంట్లో పులిహోర కలుపుతున్నారు. బాలవ్వ అనే పెద్దావిడ గరిటె చేతబట్టుకుని బండి దగ్గరికి వచ్చి, ఏం బండ్లని అడిగింది. పెండ్లిబండ్లని ఫరూఖ్ చెప్పాడు.

"పెండ్లిపిలగాడు ఏడి బిడ్డా?"

ఫరూఖ్ పక్కసీటు వైపు చేయి చూపాడు. బాలవ్వ లోపలికి వంగి, పరశురాములు నెరిసిన మీసాలను తీరిగ్గా చూసింది.

"గీయనా?"

"గీయనే అవ్వా. జెర ఆలస్యమైంది."

తాడు దగ్గరి ఆడవాళ్లంతా పొయ్యి వదిలి వచ్చారు. బాలవ్వ తాడును గరిటెతో కొట్టి, ఇదే పెండ్లింటి కడప అనుకొమ్మంది. పెండ్లిపిలగాడు పెండ్లిపిల్ల పేరు చెప్పి కడప దాటాలి, లేకపోతే బండ్లవాళ్లంతా ఇక్కడే వండుకు తినాలి. పరశురాములు వెనక్కి చూశాడు. బిందెల వ్యానులోంచి లచ్చన్న తమ్ముడు జరీ తలపాగా బయటికి పెట్టి చూస్తున్నాడు. ట్రాక్టరు మీంచి నర్సింగం లేచి నిలబడ్డాడు.

కోరుట్లలో గుడ్డ కొనే ఆడవాళ్ల పేర్లన్నీ పరశురాములుకు నోటికి వచ్చు. ఏదో ఒకటి అంటే సరిపోయేది. కానీ అవసరానికి ఒక్కటీ రాలేదు. ఇంత సంసారంలో నలుగురి ముందు ఎన్నడూ పలకని పేరు, ఇంట్లో ఓయ్ అని మాత్రమే పిలిచే మనిషి పేరు, అదొక్కటే నాలుక మీదికి వచ్చింది.

"సుశీల," అన్నాడు గొంతులోనే.

"గట్టిగ చెప్పయ్యా. ఎనుక బండ్లోల్లకు ఇనవడాలె."

పరశురాములు కిటికీలోంచి తల బయట పెట్టి గట్టిగా చెప్పాడు. వెనక బండ్లలో అందరికీ సుశీల ఎవరో తెలుసు. హారన్లు ఒకేసారి మోగాయి. బాలవ్వ అతని బుగ్గకు పసుపు రాసి, దోసిట్లో వేడి వేడి పులిహోర పెట్టి, తాడు వదిలేయమంది.

తాడు నేలమీద పడింది. పెండ్లిపిలగాడి వెనకాల లంగా గుడ్డ, బిందెలు, సిమెంటు, చువ్వలు, చక్కెర వరసగా కడప దాటాయి.