పిల్ల ఏడుపుకి ముందు

పాట సగంలో తెగి పసిపిల్ల ఏడుపు మొదలవగానే హాల్లో అందరూ పగలబడి నవ్వారు. నేను వంటగదిలో టీ వడకడుతున్నాను. కొంత గట్టు మీద ఒలికింది. గుడ్డతో తుడుస్తూ మా ఆయన తరవాతి మాట కోసం ఎదురుచూశాను. ఇన్నేళ్ళలో ఆ మాట అక్షరం మారలేదు.

"మా ఆవిడకి మీట నొక్కడం వచ్చు. ఏ మీటో చూసుకోవడమే రాదు."

మళ్ళీ నవ్వులు. కానీ ఈసారి ఆ మాట అచ్చులోకి ఎక్కింది. మా పాత బ్యాండు 'రేకుడబ్బా' పాటలన్నీ ఏరి, ఆ పొద్దునే కొత్త రికార్డుగా బజారులోకి వదిలారు. దానితోపాటు ఇచ్చిన చిన్న పుస్తకంలో ఆఖరి పాట కింద ఇలా రాసి ఉంది: గాయని నిద్రమత్తులో చెరిపేసింది.

రేకుడబ్బా పేరు అప్పట్లో ఎవరికీ తెలియదు. గోదాముల్లో, హాస్టళ్ళ నేలమాళిగల్లో పాడేవాళ్ళం. అమ్మమ్మలు నీళ్ళు మోస్తూ పాడుకున్న పాటల్ని తెగిన తీగల గిటారుతో, డొక్కు డ్రమ్ముతో గోడలదిరేలా అరిచేవాళ్ళం. గిటారు ఆయనది, గొంతు నాది. 'కడవ మోసిన నడుము నాది, దప్పి తీరిన నోరు నీది' అని నేనందుకుంటే వెనక వరసలో నిలబడ్డ ఆడపిల్లలు కూడా కేకలేసేవారు. ఆ పాట విన్న ఒక క్యాసెట్ల కంపెనీ నా ఒక్కదాని గొంతే టేపు చేసి పంపమంది, మిగతావాళ్ళు అక్కర్లేదంది. అప్పటికి నేను పచ్చి బాలింతను. పంపాల్సిన టేపు ఒక్కటే ఉంది. ఒక మధ్యాహ్నం కళ్ళు తెరిచేసరికి టేప్ రికార్డర్ నా దిండు పక్కన ఉంది, పిల్ల నా చేతి కింద ఉంది, పాట సగం లేదు. నిద్రలో రికార్డు మీట నువ్వే నొక్కావన్నారు ఆయనా, అత్తయ్యా. నమ్మాను. నమ్మడమే కాదు, ఆయన చెయ్యి పట్టుకుని నేనే క్షమాపణ అడిగాను. మళ్ళీ పాడతానంటే, ఉన్నదాన్ని నిలుపుకోలేనిదానికి కొత్తదెందుకన్నారు అత్తయ్య. అంతే, నోరు మూసుకున్నాను. బ్యాండూ ఆగిపోయింది. పిల్లకి జోలపాట కూడా పాడలేదు. తప్పు చేసినదానికి పాటెక్కడిది? ఆ పిల్లకి ఇంట్లో 'బ్యాండుమింగి' అని పేరు. పిలిచినప్పుడల్లా నవ్వుతుంది. నవ్వాక గోళ్ళు కొరుక్కుంటుంది.

టీ పళ్ళెంతో హాల్లోకి వెళ్ళేసరికి ఆ రికార్డు తయారుచేసినాయన నా కోసమే చూస్తున్నాడు.

"మేడమ్, పాత టేపులో ఒకటే బరబర. అది తీసేస్తే ఏడుపుకి ముందు ఏవో మాటలు బయటపడ్డాయి. సరిగ్గా అర్థం కాలేదుగానీ, ఇంటి సందడి బాగుందని ఉంచేశాను. ఎవరివండీ ఆ గొంతులు?"

మా ఆయన చేతిలో బిస్కెట్ విరిగింది. వేరే పాట పెట్టమన్నాడు. టీ చల్లారిపోతోందన్నాడు. టీ గురించి ఆయన కంగారుపడటం అదే మొదటిసారి.

పళ్ళెం బల్ల మీద పెట్టి, ఇంకోసారి వినిపించమన్నాను. స్పీకరుకి చెవి ఆనించి కూర్చున్నాను. మా అమ్మాయి వచ్చి రెండో స్పీకరు దగ్గర కూర్చుంది.

నా గొంతు వచ్చింది. కడవ ఎత్తుకున్న గొంతు, భయమంటే ఏమిటో తెలియని గొంతు. ఆ పాడే పిల్ల ఎవరో అడిగి తెలుసుకోవాలనిపించింది. టక్కున తెగింది. తరవాత గుసగుస.

"పిల్లని ఇంకాస్త దగ్గరగా పట్టుకో అమ్మా. దీని తల్లి లేవకముందే కానిచ్చేయాలి."

"ఏడవట్లేదురా. గిల్లనా?"

"గిల్లు."

ఆ తరవాతే ఏడుపు.

బయటివాళ్ళకి అది సందడి. ఆ గొంతుల మధ్య బతికినవాళ్ళకి ఒక్క మాటా పోలేదు. కుర్చీలో అత్తయ్య తన కుడిచేతిని దుప్పటి కిందకి లాక్కున్నారు. మా ఆయన నా వైపు చూసి నవ్వబోయాడు. మనిద్దరి మధ్య ఉండనీ అని ఆ చూపు. ఇన్నేళ్ళూ ఆ నింద నా ఒక్కదాని మీదే ఉండిపోయింది కదా అనుకున్నాను.

అమ్మాయి లేచింది. తన మోచేతి పైన ఎప్పుడో మానిపోయిన చోటుని వెతుకుతున్నట్టు వేళ్ళతో తడుముకుంటోంది. ఆ గొంతెవరిదో దానికి తెలుసు. నా నోటివెంట వినాలని అడిగింది.

"గిల్లమన్నదెవరమ్మా?"

రికార్డాయన్ని పుస్తకం తెరవమన్నాను, ఆఖరి పాట కింది మాట కొట్టేయమన్నాను. ఆయన కలం తీశాడు. పాడటానికి ముందు పీల్చే ఊపిరి ఒకటుంటుంది. అది నాకింకా గుర్తుంది.

"పాట చెరిపింది నేను కాదు. బ్యాండుని మింగింది నువ్వూ కాదు, తల్లీ. మీ నాన్న."