గడ్డం దాకా వచ్చే బోర్డు

తేజస్వినికి మంచు పిచ్చి పట్టింది పోయినేడు మనాలీలో. సత్యవేడు దగ్గర ఫ్యాక్టరీలో తనతో పనిచేసేవాళ్లంతా టూరు పోతే తనూ పోయింది. మిగతావాళ్లు ఫోటోలు దిగుతుంటే, తను అద్దెకిచ్చే స్నోబోర్డొకటి కాళ్లకు బిగించుకుని దిబ్బ మీంచి జారింది. జారిందనడం కంటే పడిందనడమే నిజం. ఆఖర్న ఒక్కసారి మాత్రం, ఎట్లా నిలబడిందో ఏమో, చెవుల్లో గాలి ఈల వేస్తుంటే కింది దాకా వచ్చేసింది. ఆ తర్వాత మనిషి సొంతూరు నగరి చేరింది గానీ మనసు ఆడనే ఉండిపోయింది.

ఈ ఏడు ఫిబ్రవరి ఆఖర్లో అక్కడ మొదలయ్యే స్నోబోర్డు పాఠాల బ్యాచీలో పేరిచ్చింది. సొంత బోర్డు కొందామని చూస్తే కొత్తవాటి ధరలు ముట్టుకుంటే కాలేట్టున్నాయి. ఒక సాయంత్రం ఫోనులో పాత సామాన్ల ప్రకటనలు తిరగేస్తుంటే, తిరుపతిలోనే ఎవరో ఒకటి అమ్ముతున్నారని కనబడింది.

వాళ్ల నాయన ఢిల్లీబాబు మరమగ్గాలు నడుపుతాడు. ఆయన ఆ ఫోటో చూసినాడు.

“మంచు మీద జారేదానికి బల్లా? నగరిలో మంచు యాడుండాది పాపా, సోడా అంగట్లో తప్ప?”

“మంచు కాడికే తీసకపోతా నాయనా.”

“సరే, నేనూ వస్తా. పాత సరుకు కొనేదానికి ఒక్కదానివే పోతే అంటగట్టి పంపిస్తారు.”

నిజానికి ఆయనకు బేరమాడడమంటే సినిమా చూసినంత ఇష్టం.

తిరుపతిలో అమ్మేమనిషి పేరు వంశీ. మందుల షాపు నడుపుతాడు. ఆరడుగుల పైమాటే ఉంటాడు. వీళ్లను మేడ మీదికి తీసుకుపోయి, బీరువా మీంచి బోర్డు దించినాడు. రెండేళ్ల కింద ఎంతో ఆశగా కొన్నాడట. మంచు మీద కాలుపెట్టిన తొలిరోజే మణికట్టు విరిగి, ఊరికొచ్చి పుత్తూరులో కట్టు కట్టించుకున్నాడట. “అంతే, మళ్లా దాని మొహం సూడలేదు” అని తనే నవ్వినాడు.

తేజస్విని బోర్డును నిలబెట్టి పక్కన నిలుచుంది. అది ఆమె తలను దాటి పోయింది. మనాలీలో నేర్పే ఆయన ఫోనులో చెప్పిన మాట గుర్తొచ్చింది: కొత్తగా నేర్చేవాళ్లకు బోర్డు గడ్డానికీ ముక్కుకీ మధ్య ఉండాల, వంచితే కొంచెం వంగాల, బూట్లో మడమ లేవకూడదు. బోర్డు నడిమధ్య అరచేత్తో అదిమి చూసింది. తలుపు చెక్కలాగా బిర్రుగా ఉంది. దాంతో పాటు అమ్మే వంశీ బూట్లు తొడుక్కుంటే పాదం రోట్లో రోకలిలాగా ఆడుతోంది.

“పొడుగుదైతే బాగా వేగం పోతాదమ్మా” అన్నాడు వంశీ.

“నాకు వేగం కాదన్నా, ఆపేది రావాల ముందు.”

ఈలోగా ఢిల్లీబాబు ధరను సగానికి లాగేసినాడు. కూతురి చెవి దగ్గరికొచ్చి, “తీసుకో పాపా. ఎదిగే పిల్లోళ్లకు వదులు చొక్కా కుట్టిస్తామా లేదా?” అన్నాడు.

“నాకు ఇరవయ్యారు నాయనా. ఇంక యాడ ఎదిగేది?”

అయినా ఆమె మనసు ఊగింది. ఇంత చవగ్గా మళ్లా దొరకదు. సర్దుకుంటే సరిపోదా అనుకుంటుండగా, కాఫీ తెచ్చిన వంశీ భార్య పవిత్ర గ్లాసులు పెట్టేసి లోపలికి పోయింది. మంచం కింద నుంచి పాత దుప్పట్లో చుట్టిన ఇంకో బోర్డు తెచ్చి గోడకు ఆనించి పట్టుకుంది. నీలం రంగుది, ఒక్క గీత కూడా పడలేదు.

“ఇది నాది. ఇద్దరికీ ఒకేసారి కొన్నాము. ఆయన పడినాక దీన్ని విప్పనే లేదు” అంది.

తేజస్విని పక్కన నిలుచుంది. సరిగ్గా గడ్డం దాకా వచ్చింది. అదిమితే మెత్తగా వంగి మళ్లా లేచింది. ఆమె ముఖం వెలిగిపోవడం చూసి ఢిల్లీబాబు కండువా సర్దుకుని కొత్త బేరానికి దిగబోయినాడు.

కానీ తేజస్విని పవిత్ర చెయ్యి చూసింది. అమ్ముతానని తెచ్చిన మనిషి, బోర్డు అంచును ఇంకా వదల్లేదు.

“అక్కా, మీకు పోవాలని లేదా?”

“ఇంక యాడ పోయేది? నాకు స్కూల్లో పాఠాలు, మా వానికి ట్యూషన్లు” అని పవిత్ర నవ్వేసింది. “తీసుకో, నీకు సరిపోయింది గదా.”

“మా బ్యాచీలో సీట్లుండాయి. నాకు తోడు గూడా లేరు.”

పవిత్ర బోర్డు అంచును వేలితో రాసింది. తేజస్వినికి గుండె రెండు పక్కలా లాగింది. ఇంక మాట పెంచకుంటే బోర్డు తనదే. అయినా ఊరుకోలేకపోయింది. “బోర్డు మీరే పెట్టుకోండక్కా. నేను ఆడ అద్దెకు తీసుకుంటా. మీరు రండి, అంతే.”

పవిత్ర మెల్లగా అడిగింది. “ఎన్నాళ్లుండాల?”

వంశీ భార్య వైపు చూసి, తన మణికట్టు తడుముకుని, “పోయిరా. పిల్లోన్ని నేను సూసుకుంటాలే” అన్నాడు.

తిరుగు బస్సులో ఢిల్లీబాబు గుర్రుగా కూర్చున్నాడు. “కొనేదానికి పోయి, అమ్మేవాళ్లనే ప్రయాణం కట్టించినావు” అన్నాడు. పుత్తూరు దాటేసరికి ఆయనకే నవ్వొచ్చింది. ఆ వారమే చెన్నై పోయి, మడమ లేవని బూట్లు మాత్రం కూతురికి దగ్గరుండి కొనిచ్చినాడు.

మనాలీలో ఇద్దరూ పోటీపడి పడినారు. పవిత్రే ముందు నిలబడింది. ఆమె చిన్నపిల్లలాగా కేకలేస్తూ దిగుతుంటే తేజస్వినికి కొంచెం కుళ్లు పుట్టింది, అంతకంటే ఎక్కువ సంతోషమూ అయింది. మర్నాటికి తనూ మలుపు తిప్పడం, ఆపడం నేర్చుకుంది.

తరగతులు ముగిసినాక, నేర్పే ఆయన పాత అద్దె బోర్డులు షెడ్డు బయట వరసగా పెట్టినాడు. సీజను అయిపోతుందంటే తక్కువకు ఇచ్చేస్తారట. తేజస్విని వెతుక్కోలేదు. ఇన్నాళ్లూ తనను పడేసి లేపిన గీతల బోర్డు దగ్గరికి నేరుగా పోయి నిలబడింది.

“అన్నిటికంటే గీతలున్నది ఇదే గదా, ఇదెందుకు?” అంది పవిత్ర.

“సగం గీతలు నేను పెట్టినవే అక్కా” అని తేజస్విని దాన్ని చంకన పెట్టుకుంది.