తప్పుకు కట్టే ముడి

ధర్మవరంలో అచ్చు అతకడానికి చౌడేశ్వరిని మించిన చేయి లేదని పేరు. మగ్గం మీద అయిపోవచ్చిన పట్టుపోగుల కొసలకు కొత్త పోగులను మెలిపెట్టి కలిపే పని అది. వేళ్లకు బూడిద అద్దుకుని, కళ్లు మూసుకుని, ఊరి కబుర్లన్నీ చెబుతూనే వేలకు వేల పోగులు కలిపేసేది. అలాంటి మనిషికి ఎముకల మూలుగలో కేన్సర్ వచ్చింది. హిందూపురంలో సూదులు మొదలయ్యాక రోగం తగ్గుముఖం పట్టింది కానీ, వేలికొసలు మొద్దుబారసాగాయి. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. మగ్గం దిగని చీరకు వంక పెట్టకూడదని వాళ్లింట్లో కట్టుబాటు. వైద్యం పూర్తికాని తన ఒళ్లు కూడా ఇంకా మగ్గం మీదే ఉందని ఆమె లెక్క. మొండితనానికి మందెక్కడుంది?

ఆ రోజూ సూది వేయించుకుని రైలెక్కింది. పక్కన బయోటెక్నాలజీ చదివే కూతురు పావని.

“ఈ సూది ఏం చేస్తాది పాపా?”

“మన కణాల్లో ప్రోటీన్లు తయారైతాంటాయి మా. పాడైనదానికి, పని తీరినదానికి యుబిక్విటిన్ అని చిన్న గుర్తు తగిలిస్తాది కణం. ఒకటి కాదు, గొలుసు మాదిరి. ఆ గుర్తు చూసి పీపా లాంటిదొకటి దాన్ని లోపలికి లాక్కొని ముక్కలు చేస్తాది. ఆ ముక్కల్తోనే మళ్లీ కొత్తవి అల్లుకుంటాది. ఈ సూది ఆ పీపాకి అడ్డం పడతాది. రోగం కణాలు ప్రోటీన్లు మరీ ఎక్కువ చేస్తాయి కదా, చెత్త పోయే దోవ లేక అవే సస్తాయి.”

“సావనీ, పీడ పోతాది,” అని చౌడేశ్వరి కిటికీకి తల ఆనించింది. పెనుకొండ కొండ ఎండలో మెల్లగా వెనక్కి జరుగుతుంటే రెప్పలు వాలాయి.

కలలో ఆమె తన ఒంట్లోకే వెళ్లింది. లోపల వెలుతురు పసుపు పట్టులా ఉంది. పోగులు వాటంతట అవే అల్లుకుంటున్నాయి. ఎక్కడ ఒక పోగు వంకర తిరిగినా, ఎవరో వచ్చి దానికి ఎర్రటి ముడి వేసి, దాని వెనకే ఇంకొకటి, మరొకటి వేసి పోతున్నారు. అక్కడ సిగ్గూ లేదు, దాపరికమూ లేదు. ముడులు పడ్డ పోగు గుండ్రటి వాకిలి దాకా తేలుతూ పోయి, లోపల విడిపోయి, మెత్తటి కొత్త పట్టుగా బయటికొస్తోంది. ఇంకో పక్క వాకిలి మూసుకుపోయి, ముడిపడ్డ పోగులు గుట్టలు పడుతున్నాయి. ఆ గుట్టల నడుమ తన వేళ్లు కనబడ్డాయి. వాటికి మాత్రం ఒక్క ముడీ లేదు. ఎవరైనా వేస్తారేమోనని చాలాసేపు చూసింది. ఎవరూ రాలేదు. చౌడేశ్వరికి దుఃఖం ముంచుకొచ్చింది.

మెలకువ వచ్చేసరికి ధర్మవరం దగ్గర పడుతోంది.

“పాపా, నా వేళ్లకు పట్టు తెలీడంల్యా.”

“ఎప్పట్నుంచి?”

“సూదులు మొదలైనప్పట్నుంచే.”

పావని గబుక్కున ఆమె వైపు తిరిగింది. “ఎంత పని చేసినావు మా! ఇది ఆ మందుతో వచ్చేదే. ముందే చెప్పింటే డోసు తగ్గించేవాళ్లు కదా!”

“మగ్గం మీద ఉన్నదానికి వంక పెట్టకూడదనుకున్న్యా.”

పావని అక్కడికక్కడే డాక్టరుకు ఫోన్ చేసింది. డోసు తగ్గిద్దాం, సూదికీ సూదికీ ఎడం పెంచుదాం అన్నాడాయన. పోయిన స్పర్శ తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అని కూడా అన్నాడు.

రైలు ఆగింది. దిగేటప్పుడు చౌడేశ్వరి కూతురి చేయి అందుకుంది. అది వెచ్చగా ఉందో చల్లగా ఉందో ఆమెకు తెలియలేదు.

“సరిగ్గా పట్టుకున్న్యానా పాపా?”

“నొప్పి పుడతాండాది మా,” అంది పావని, చేయి విడిపించుకోకుండా.